పొటాషియం ఉన్న సీసా

జులై 21, ఆదివారం. ఉదయగిరి

చర్చికి వెళ్లలేదు. కడుపులో బాగాలేదని పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. కడుపు బాగానే ఉంది.

మధ్యాహ్నం బంగాళదుంపలు తరిగి వేడినీళ్లలో వేశాను. నానాక ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ పారబోశాను. పొయ్యి ఆర్పాక గుర్తొచ్చింది, ఇంట్లో నేనొక్కడినే ఉన్నానని, నా కిడ్నీలు బాగానే ఉన్నాయని. పారేయడం ఎందుకని తిన్నాను. అట్టపెట్టె నమిలినట్టుంది. నాలుగేళ్లు నా భార్య రూబీ ఇదే తిన్నది. నవ్వుతూ తినేది. అన్నిసార్లూ కాదు.

దుంపలోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. డయాలసిస్ మనిషికి రక్తంలో అది ఐదు దాటితే జాగ్రత్త, ఆరు దాటితే ఆసుపత్రి, ఏడు దాటితే గుండె ఆగుతుంది. పోయిన నవంబరులో, చివరి రోజున, రూబీది 7.8. ఏం తిన్నదో ఇప్పటికీ తేలలేదు. నేను వండిందే తిన్నది.

జులై 24, బుధవారం. ఆత్మకూరు

కాలేజీకి సెలవు పెట్టి రూబీ తమ్ముడు, ఆటో నడిపే యేసుబాబు వెంట డయాలసిస్‌కి వెళ్లాను. వాడి భార్య షైనీకి ఈ రోజు స్కూల్లో ఇన్‌స్పెక్షన్. రూబీ ఉన్నప్పుడు అక్కకూ తమ్ముడికీ ఒకే రోజు, పక్కపక్క మంచాలు. మామగారు మస్తానయ్య ఇచ్చిపోయిన ఆస్తి అది, కిడ్నీల నిండా నీటి తిత్తులు. ఇద్దరికీ సమంగా పంచిపోయాడని యేసుబాబు అందరికీ చెప్తుంటాడు. ఇప్పుడు పక్క మంచం మీద కలిగిరి ఆయనెవరో ఉన్నాడు.

నన్ను చూడగానే, "వచ్చినాడయ్యా పొటాషియం పోలీసు," అన్నాడు.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ."

"చట్నీ?"

"కొబ్బరి చట్నీ ఎదురుగా పెట్టుకోని చూసినాను బావా. చూస్తే కూడా ఎక్కుతాదా?"

కలిగిరి ఆయన నవ్వాడు. యేసుబాబుకు ఊపొచ్చింది. "ఈయన మా బావ. ఉదయగిరిలో కెమిస్ట్రీ లెక్చరరు. అక్క పోయినాక ఈయనకు పని పొయ్యింది. ఇంకో పేషెంటు కావల్సొచ్చి నన్ను పట్టుకున్నాడు."

వాడి చార్టులో అంకెలు చూశాను. మిషన్ తిరుగుతూ ఉంది. కాసేపటికి వాడే అన్నాడు, "ఊరికే అన్నాను బావా. గమ్మునుంటే భయమేస్తాది. ఏదన్నా తిట్టు."

తిట్టడానికి ఏమీ దొరకలేదు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఉదయగిరి దాకా నిలబడే వచ్చాను.

జులై 29, సోమవారం

ల్యాబులో ఎవరో పొటాషియం పర్మాంగనేట్ ఒలకబోశారు. అటెండరు తుడుస్తానన్నా వినకుండా నేనే తుడిచాను. సాయంత్రం వరకు చేతులు కడుగుతూనే ఉన్నాను.

ఆగస్టు 6, మంగళవారం. నెల్లూరు

పొద్దున క్లాసులో ఉండగా షైనీ ఫోన్ చేసింది. మాట సరిగా రావడం లేదు. నెల్లూరు ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చిందట. చనిపోయిన ఒక మనిషి కిడ్నీ ఉంది, గ్రూపు కలిసింది, ఏమీ తినకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. లిస్టులో యేసుబాబు పేరు రాయించి రెండేళ్లయింది. రూబీ పేరు అంతకు ముందు నుంచే ఉండేది.

ఆత్మకూరులో కారెక్కాను. ముందు సీట్లో అత్తమ్మ హన్నమ్మ. సంగం బ్యారేజీ కనిపించింది. అప్పుడు వెనక్కి తిరిగి, "నా బిడ్డకు రాని ఫోను నా కొడుక్కొచ్చినాది. ఏడ్చేదా, నవ్వేదా? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు అల్లుడా," అంది.

"అమ్మా, గమ్మునుండు," అన్నాడు యేసుబాబు. వాడి మోకాలు ఊగుతూనే ఉంది. నాదీ.

కిడ్నీ ఇచ్చింది ముప్పై ఏళ్ల మనిషట. రోడ్డు మీద పడిపోయాడట. అంతకన్నా చెప్పరు. వాళ్లింట్లో ఇప్పుడు ఏం జరుగుతుంటుందో నాకు తెలుసు. ఆయన చొక్కా ఏదో కొక్కేనికి తగిలించి ఉంటుంది.

సాయంత్రం లోపలికి తీసుకెళ్లారు. షైనీ కాగితాలన్నీ నా చేతిలో పెట్టింది. "అన్నా, ఇవన్నీ మీరే చూసుకోవాల. వదినను అన్నేళ్లు చూసుకున్నారు. మీకు తెలిసినంత మాకెవరికీ తెలీదు."

తలూపాను.

ఆగస్టు 7, బుధవారం

ఆపరేషన్ అయింది. డాక్టర్ రేణుకాదేవి బయటికొచ్చి చెప్పింది. రక్తం వదలగానే కిడ్నీ గులాబీ రంగుకు వచ్చిందట, బల్ల మీదే కొంచెం మూత్రం వచ్చిందట. షైనీ ఏడ్చింది. అత్తమ్మ మోకాళ్లూనింది.

"ఇప్పుడే సంతోషపడొద్దు," అంది డాక్టరు. "చనిపోయిన మనిషి నుంచి వచ్చింది, ఐసులో ప్రయాణం చేసి వచ్చింది. లేవడానికి టైం పట్టొచ్చు. ఎంత మూత్రం వస్తే అంత ఫ్లూయిడ్ ఎక్కిస్తూ ఉండాలి. ఎండనివ్వకూడదు, ముంచకూడదు. ఈ రెండు మూడు రోజులే ముఖ్యం."

ఆమె రేపు ఏదో మీటింగుకు తిరుపతి వెళ్తుందట. డ్యూటీ డాక్టరు ఉంటాడు.

ఇక్కడి పద్ధతి: నర్సు చీటీ రాసి తలుపు సందులోంచి ఇస్తుంది. కింద మందుల షాపులో తెచ్చి అదే సందులోంచి లోపలికి ఇవ్వాలి. నాకు ఈ పద్ధతి బాగుంది. కుర్చీలో కూర్చోలేను. మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉంటే కాలం గడుస్తుంది.

మొదటి చీటీలో ఫ్లూయిడ్ పేరు ఎప్పుడూ విననిది. రూబీని ఎప్పుడు చేర్చినా ఎక్కించింది సెలైనే, ఉప్పునీళ్లు. షాపతను నాలుగు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తిప్పి చదివాను. సోడియం. క్లోరైడ్. మెగ్నీషియం. పొటాషియం, లీటరుకు ఐదు.

మళ్లీ చదివాను.

కిడ్నీ పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. అలాంటి మనిషి నరంలోకి నేరుగా పొటాషియం. నాలుగేళ్లు ఇంట్లోకి అరటిపండు రానివ్వలేదు నేను. చర్చిలో ఎవరో ప్రేమగా కొబ్బరిబోండం కొట్టిస్తే రూబీ చేతిలోంచి లాక్కున్నాను, అందరి ముందూ.

"సెలైన్ ఇవ్వండి," అన్నాను.

"చీటీలో ఇది రాసుండాది సార్."

"సెలైన్ తెమ్మని పైన చెప్పారు."

పైకి వెళ్లి నర్సుకు ఇచ్చాను. లిఖిత అని బ్యాడ్జి మీద ఉంది. సీసాలు చూసి, "ఇవి కాదు కదా సార్," అంది.

"అది స్టాక్ లేదంట."

"అయ్యో." లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చింది. "సరే, అప్పటిదాకా ఇవే పెడతాం. రాగానే తెచ్చేయండి, మేడం అదే కావాలన్నారు."

పూర్తిగా అబద్ధమేమీ కాదు. షాపతను తెచ్చినవి నాలుగే. ఇక్కడ ఎక్కించే లెక్కకు నాలుగు ఏ మూలకు వస్తాయి?

ఆగస్టు 8, గురువారం

అద్దంలోంచి యేసుబాబును చూపించారు. ముఖం ఉబ్బింది. బొటనవేలు ఎత్తి చూపించాడు. నేనూ ఎత్తాను.

మూత్రం నిన్నటికన్నా తక్కువ. పొటాషియం 5.4. చూడు, ఇప్పటికే ఐదు దాటింది. ఆ సీసాలు ఎక్కించి ఉంటే?

చీటీలు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ అదే పేరు. ప్రతిసారీ సెలైన్ తెచ్చాను. లిఖిత, "ఇంకా రాలేదా సార్?" అంది. రేపు వస్తుందట అన్నాను. షాపతను ఇప్పుడు చీటీ చూడకుండానే సెలైన్ తీసి పెడుతున్నాడు.

పాస్టరుగారు ఫోన్‌లో ప్రార్థన చేశారు. "వైద్యుల చేతులను నడిపించు ప్రభువా," అన్నారు. ఆమెన్ అన్నాను.

నేను చేసింది సరైనదే.

ఆగస్టు 9, శుక్రవారం

పొద్దున పొటాషియం 6.1. మూత్రం సంచీలో అడుగు తడిసేంత కూడా లేదు. రక్తంలో ఆమ్లం పెరిగిందని డ్యూటీ డాక్టరు చెప్పాడు.

సెలైన్‌లో పొటాషియం లేదు. ఖాళీ సీసా అడిగి తీసుకుని మళ్లీ చదివాను. లేదు. మరి ఎక్కడి నుంచి వస్తోంది? ఏం తిన్నాడని అడగడానికి లేదు. ఏమీ తినలేదు.

వరండాలో తిరుగుతున్నాను. ఆ చివర లిఫ్టు, ఈ చివర ప్రార్థన గది. అత్తమ్మ, "ఒక్కచోట కూసో అల్లుడా, నువ్వు తిరుగుతా ఉంటే నాకు కండ్లు తిరగతాండాయి," అంది. కూర్చున్నాను. లేచాను.

అదే రోజు, సాయంత్రం

రాయాలి.

రేణుకాదేవి తిరుపతి నుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. లోపలికి వెళ్లి వెంటనే బయటికొచ్చింది. తలుపు దగ్గర షైనీ, నేను. అత్తమ్మ దూరంగా కుర్చీల్లో ఉంది.

"సెలైన్ ఎందుకు వెళ్తోంది?" అని లిఖితను అడిగింది.

"స్టాక్ లేదన్నారు మేడం."

"ఎవరన్నారు?"

"అటెండెంట్ సార్."

"ఇప్పుడే కిందికి ఫోన్ చేశాను. పెట్టెల నిండా ఉన్నాయట."

లిఖిత నావైపు చూసింది. నేను గోడ మీద బోర్డు చదువుతున్నాను. చెప్పులు బయట విడవండి. నా చెప్పులు బయటే ఉన్నాయి.

"ఉన్నాయి," అన్నాను. "నేనే తేలేదు."

"ఎందుకు?"

"అందులో పొటాషియం ఉంది."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "మీరేం చేస్తారు?" అంది.

"ఇంటర్‌కు కెమిస్ట్రీ చెప్తాను."

ఆమె చేతి తొడుగులు తీసేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆరు ఉన్న రక్తంలో ఐదు ఉన్న ద్రవం కలిపితే ఏమవుతుంది సార్?"

"తగ్గుతుంది."

"పెరగదు కదా?"

"పెరగదు."

ఇది నేను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పి ఉంటాను. సీసా చేతిలో పట్టుకుని కూడా ఈ లెక్క వేయలేదు. పేరు చదివాను, అంతే. అంకె చూశాను గాని చదవలేదు.

"సెలైన్‌లో క్లోరైడ్ మన రక్తంలో ఉండే దానికన్నా చాలా ఎక్కువ," అంది. "ఒకటి రెండు సీసాలైతే పరవాలేదు. లీటర్లకు లీటర్లు వెళ్తే రక్తం పులుస్తుంది. పులిస్తే ఒంట్లోని కణాల్లో ఉన్న పొటాషియమే బయటికొస్తుంది. ఎవరూ పెట్టక్కర్లేదు, ఏమీ తినక్కర్లేదు. అది ఆపడానికే ఆ ఫ్లూయిడ్ రాశాను."

"మా ఆవిడకు..." అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

"తెలుసు. షైనీ చెప్పింది. ఇంట్లో మీరు పాటించింది తప్పు కాదు. డయాలసిస్ మనిషికి అదే పద్ధతి. కానీ ఇది వేరే పరిస్థితి. నన్ను అడగాల్సింది."

షైనీ ఆమెనే చూస్తోంది. "మేడం, కిడ్నీ పోయినట్టేనా?"

"పోలేదమ్మా. నిద్రలో ఉంది. ఇప్పుడే ఫ్లూయిడ్ మారుస్తాను. పొటాషియం దించడానికి ఒకసారి డయాలసిస్ చెయ్యక తప్పదు."

"ఈయన వల్లనేనా?"

ఎప్పుడూ అన్నా అనే మనిషి.

డాక్టరు తల అడ్డంగా ఊపింది. "చెప్పలేను. ఆ ఫ్లూయిడ్ ఇచ్చినా డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లుంటారు. సెలైన్‌తోనే లేచి నడిచినవాళ్లూ ఉన్నారు. వందల మంది మీద పరీక్షించి చూస్తే పది మందిలో ఒకరికి తేడా పడుతుందని తేలింది. ఆ ఒకరు ఎవరో ఏ పరీక్షా చెప్పదు."

ఆమె వెళ్లాక చీటీ ఇచ్చారు. చెయ్యి చాపాను. షైనీ ముందే అందుకుంది.

ఆగస్టు 10, శనివారం

డయాలసిస్ అయింది. 4.9.

షైనీ మెట్లు దిగుతోంది, ఎక్కుతోంది. నేను కుర్చీలో ఉన్నాను. అత్తమ్మకు విషయం తెలియదు. పొట్లం విప్పి నా ఒళ్లో పెట్టింది.

"ఏంది అల్లుడా, షైనీ నీతో మాట్లాడటంలా?"

"అలసిపోయింది."

"అందురం అలిసినాం. తిను. నువ్వు కూడా పడిపోతే నేనెవురిని తిట్టేది?"

రెండు ఇడ్లీలు తిన్నాను. కొబ్బరి చట్నీ పక్కకు నెట్టాను. తర్వాత అది కూడా తిన్నాను.

ఆగస్టు 11, ఆదివారం

ఏమీ తినక్కర్లేదు, అంది డాక్టరు. ఒంట్లోదే బయటికొస్తుంది.

రూబీకీ అలాగే అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు, అంతే. ఆ రోజు ఆమెకు సెలైన్ ఎక్కలేదు, జబ్బు వేరే దశ, కారణాలు వేరే ఉంటాయి. అయినా అయ్యుండొచ్చు.

ఆ రోజు వండింది సొరకాయ. రెండు నీళ్లు మార్చాను.

మార్చాను.

ఆగస్టు 12, సోమవారం

మూత్రం లేదు.

ఆగస్టు 13, మంగళవారం

లేదు. డాక్టరు, "చూద్దాం," అంది. ఈ రెండు రోజుల్లో ఆమె అన్న మాట అదొక్కటే. రేపు కూడా రాకపోతే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారట.

చనిపోయినాయన గురించి ఆలోచిస్తున్నాను. వాళ్లింట్లో ఎవరో సంతకం పెట్టి ఉంటారు. భార్యే పెట్టి ఉంటుంది. ఎక్కడో ఒకరిలో పనిచేస్తూ ఉంటుందని చెప్పి పెట్టించి ఉంటారు.

సెలవు పొడిగించమని ప్రిన్సిపాల్‌కు మెసేజ్ పెట్టాను. ఎందుకని అడగలేదు.

ఆగస్టు 14, బుధవారం

వచ్చింది.

లిఖిత సంచీ ఎత్తి అద్దంలోంచి చూపించింది. సగానికి పైగా నిండింది. అత్తమ్మ వరండాలోనే గట్టిగా స్తోత్రం చెప్పేసరికి సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందని అడిగితే, "మావోడు ఉచ్చ పోసినాడు నాయనా," అంది. అతనికి ఏమనాలో తెలియక దండం పెట్టాడు.

షైనీ గోడకు తల ఆనించి నిలబడింది. దగ్గరికి వెళ్లాలనుకున్నాను. నాలుగడుగులు వేసి లిఫ్టు వైపు తిరిగాను.

సాయంత్రం లోపల ఎవరి ఫోనో అడిగి యేసుబాబు నాకు చేశాడు. "బావా, మునిసిపాలిటీ కొళాయి వదిలినట్టుండాది. ఎవురి కిడ్నీయో గాని మంచి పనిమంతుడిది. నువ్వు లోపలికి రావేంది?"

"లోపలికి రానివ్వరు."

"అమ్మ రెండు తూర్లు వచ్చిపొయ్యిందే?"

సిగ్నల్ సరిగా లేదన్నాను.

ఆగస్టు 22, గురువారం. ఉదయగిరి

నిన్న డిశ్చార్జి. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ 1.6, ఇంకా దిగుతుందట. కారు ఆత్మకూరులో వాళ్లింటి ముందు ఆగింది. యేసుబాబును చెయ్యి పట్టి దించాను. చాలా తేలికగా ఉన్నాడు. షైనీ డ్రైవరుకు చెప్పింది, "సార్‌ను బస్టాండులో దించేసి పో."

ఆ బస్టాండులో మూడు ఉదయగిరి బస్సులు వదిలేశాను. ఎందుకో తెలియదు. నాలుగోది ఎక్కాను.

ఆగస్టు 25, ఆదివారం

చర్చికి వెళ్లాను. వెనక బెంచీ. పాస్టరుగారు యేసుబాబు పేరు చెప్పి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం ఇమ్మని నన్ను పిలిచారు. గొంతు బాగాలేదని సైగ చేశాను.

తర్వాత రూబీ దగ్గరకు వెళ్దామని బయల్దేరి, స్మశానం గేటు కనపడగానే వెనక్కి వచ్చాను. ఆమెకు చెప్పాల్సిన మాట ముందు ఆమె తమ్ముడికి చెప్పాలి.

ఆగస్టు 29, గురువారం

యేసుబాబు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పేపర్లు దిద్దుతున్నాను. పేపర్లు నిన్ననే అయిపోయాయి.

సెప్టెంబరు 3, మంగళవారం

షైనీ ఫోన్ చేసింది. ఆసుపత్రి తర్వాత ఇదే మొదటిసారి. పలకరింపు లేదు.

"క్రియాటినిన్ రెండు దాటింది. మందులన్నీ సరిగానే వేస్తాండాను. నీళ్లు తాగడం లేదు ఈయన. మేడం రోజుకు మూడు లీటర్లు తాగమంటే, తాగినానని చెప్పి కిటికీలోంచి పారబోస్తాండాడు. కిటికీ కింద గోంగూర ఏపుగా పెరిగితే అప్పుడు తెలిసింది నాకు. ఇట్టే ఉంటే కిడ్నీ ఎండిపోతాది, రేపటికి మారకపోతే మళ్లీ అడ్మిట్ చెయ్యాలన్నారు."

"నేను చెప్తే వింటాడా?"

"నేను చెప్పినాను, అత్తమ్మ చెప్పింది, పాస్టరుగారు చెప్పినారు. ఇంక మిగిలింది మీరే."

సెప్టెంబరు 4, బుధవారం. ఆత్మకూరు

మొదటి బస్సుకే వచ్చాను.

యేసుబాబు ముఖానికి మాస్కు కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద నీళ్ల బిందె, గ్లాసు. బిందె నిండుగానే ఉంది. గడప బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేనూ మాస్కు కట్టుకున్నాను.

"ఫోన్ ఎత్తవు, ఇప్పుడేమో పొద్దున్నే దిగబడినావు," అన్నాడు. "షైనీ కంప్లయింట్ ఇచ్చిందా?"

"ఎందుకు తాగవు?"

గ్లాసు చేతిలోకి తీసుకుని చూశాడు. "బావా, ఎగతాళి చెయ్యొద్దు. భయంగా ఉండాది. ఆ యేడు జలదంకిలో పెండ్లికి పొయ్యి ఎండకు తట్టుకోలేక రెండు గ్లాసులు ఎక్కువ తాగితే, రాత్రికి ఊపిరి అందలా. నీళ్లన్నీ రొమ్ములోకి పొయ్యినాయి. సచ్చిపోతాననుకున్నాను. ఇప్పుడు గ్లాసు నోటికాడికి తెస్తే చాలు, ఈడ పట్టేసినట్టు అవతాది." రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"అప్పుడు నీళ్లు బయటికి పోయే దారి లేదు. ఇప్పుడు ఉంది."

"అది నాకు తెలుసు. నా రొమ్ముకు తెలవదు."

రాత్రి అద్దం ముందు రెండు మూడు విధాలుగా చెప్పి చూసుకున్న మాటలేవీ నోటికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చీటీ, సీసా మీద చదివింది, స్టాక్ లేదని చెప్పింది, రెండు రోజులు అదే చెప్పింది, పెరిగింది, డయాలసిస్.

షైనీ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. అత్తమ్మ చేట పట్టుకుని వచ్చి, అట్లాగే నిలబడిపోయింది.

యేసుబాబు బిందె వంకే చూశాడు.

"అంటే నాకు మళ్లీ డయాలసిస్ పెట్టించింది నువ్వా?"

"కావచ్చు. కాకపోవచ్చు."

"అదేంది? ఏదో ఒకటి చెప్పు."

"డాక్టరుకే తెలియదు. ఎప్పటికీ తెలియదు."

"నా అక్క మొగుడివి కాబట్టి బతికిపొయ్యినావు. ఇంకెవడన్నా అయ్యుంటే నా ఆటో కింద పడుండేవాడు." గొంతులో నవ్వు లేదు. గ్లాసు స్టూలు మీద పెట్టి అన్నాడు, "అక్క కోసమే కదా చేసినావు."

"అక్క లేదు, యేసూ. ఉన్నట్టు చేశాను."

అత్తమ్మ చేట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

"నాకు పాత లెక్క గుర్తుండి నీకు తప్పు సీసా తెచ్చాను," అన్నాను. "నువ్వు అదే పాత లెక్కతో అసలు నీళ్లే తాగడం లేదు. నాది నర్సు ఆపలేదు. నీది షైనీ ఆపలేకపోతోంది. ఈసారి మాత్రం దానికి కారణం ఎవరో అందరికీ తెలుస్తుంది."

వాడు గ్లాసు ముంచి నిండుగా తీశాడు. నోటి దాకా తీసుకెళ్లాడు. సగం లుంగీ మీద ఒలికింది. గ్లాసు దించేశాడు.

"నువ్వు ముందు తాగు," అన్నాడు.

"నాకెందుకు?"

"అక్కను నీళ్లు తక్కువ తాగమన్నకాడి నుంచి దాని ముందర నువ్వొక చుక్క తాగలా. వంటింట్లోకి పొయ్యి, కొళాయి తిప్పితే సప్పుడవతాదని కుండలో ముంచుకోని, దొంగ మాదిరి నిలబడి తాగేవాడివి. అది కూడా సగం గ్లాసు. అక్కే చెప్పింది నాకు. 'పిచ్చోడురా మీ బావ, నాకు తెలవదనుకుంటాండాడు' అని."

నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆమె నాతో ఆ మాట అనలేదు.

షైనీ వచ్చి బిందెలోంచి ఇంకో గ్లాసు ముంచి గడప మీద పెట్టింది. తీసుకున్నాను. వాడికి కనపడేట్టు మాస్కు దించి తాగాను. మొత్తం. గొంతు నొప్పి పుట్టింది, అంత నీళ్లు ఒక్కసారిగా తాగి ఎన్నాళ్లయిందో.

వాడు నా గొంతు వంకే చూస్తూ ఉన్నాడు. తర్వాత తన గ్లాసు ఎత్తి కళ్లు మూసుకుని తాగాడు. తాగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, ఏదో వినడానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది షైనీ.

"ఏం కాలా."

"ఇంకోటి."

"ముందు బావ."

అలా సాగింది. నేనొకటి, వాడొకటి. మధ్యలో ఇద్దరం ఏవేవో మాట్లాడుకున్నాం. కలిగిరి ఆయన ఎలా ఉన్నాడని, ఆటోకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎప్పుడని. అత్తమ్మ కళ్లు తుడుచుకుని వచ్చి, "ఏందిరా ఇది, పందెం కట్టినారా?" అంది. బిందె సగానికి వచ్చింది.

యేసుబాబు ఉన్నట్టుండి లేచి, గోడ పట్టుకుని బాత్రూం వైపు నడిచాడు. అత్తమ్మ వెనకే వెళ్లి తలుపు బయట చెవి పెట్టి నిలబడింది.

లోపలి నుంచి కేక వినపడింది. "అమ్మా, నువ్వు పక్కకు పో. నువ్వుంటే రాదు."

అత్తమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత మాకందరికీ వినపడింది, చాలాసేపు.

"స్తోత్రం," అంది అత్తమ్మ, ఈసారి మెల్లగా.

షైనీ నా గ్లాసు మళ్లీ నింపి తెచ్చింది. నాకు చాలన్నాను. కడుపు బిందెలా ఉందన్నాను.

"ఆయన తాగాలంటే మీరు తాగాల," అంది. "సాయంత్రం దాకా ఉండండి. రేపు కూడా రండి."

తాగాను.